మూతగల తెల్లగిన్నెలు

పాలవలె తెల్లనైన గాజుగిన్నెలను, అందును మూతగలవానిని, కూర్చుట నాకు మిక్కిలి ప్రీతి. రాజమహేంద్రవరమున మా యింటి బీరువాలో నిట్టివి తొమ్మిది గలవు. చూడవచ్చినవా రెల్ల పింగాణి యని భ్రమింతురు. ఆ భ్రమ గలిగించుటకే యీ గాజు పుట్టినది. చీనాదేశపు పింగాణిని జూచి మోహపడి, ఇటలీలోని వెనీసు నగరపు గాజుపనివారు 15వ శతాబ్దాంతమున గాజులో తగరపు భస్మమును గలిపి దీనిని సాధించిరి. బాలబాలికలారా, మీ యింట నిట్టి ప్రాతగిన్నె యున్నచో దాని పలుచని యంచును ఎండ కెదురుగా బట్టి చూడుడు. కొన్నిటిలో నిప్పుకణికవంటి యెఱుపు తోచును.

ఈ జాతిలో మిగుల ప్రసిద్ధమైనది, గూటిపై బొదుగుచున్న కోడిపెట్టయే మూతగా గలది. అమెరికాలో 1889లో స్థాపింపబడి 1984లో మూతబడిన వెస్టుమోర్లెండు కంపెనీవారు ఇట్టి తెల్లగిన్నెలలో ఆవముద్ద నింపి యమ్మెడివారు. ఆవ ముగిసినను గిన్నె మిగులును. ఆవపిండి నింతగా వాడు మన కీ యుపాయము తోపకపోవుట వింతయే!

కోనసీమలో నే నెఱిగిన యన్నదమ్ము లిరువురు కొన్నియేండ్ల క్రిందట వేఱుపడిరి. పొలము, కొబ్బరితోట, ఇత్తడిసామాను సమముగా బంచుకొనిరి. తల్లి పంచదార పోసికొనుచుండిన కోడిపెట్టగిన్నె యొక్కటి మిగిలెను. దానికై యిరువురును పట్టుబట్టిరి. మధ్యవర్తులు విసిగి, గిన్నె అన్నకును మూత తమ్మునికిని ఇచ్చివేసిరి. అన్న గిన్నెలో వక్కలు పోసికొనెను. తమ్ముని యింట పెట్ట కిటికీలో నొంటరిగా గూర్చుండెను.

మొన్నటి సంక్రాంతికి నేనచటికి బోగా ఉదయముననే యన్న నన్ను ప్రక్కకు బిలిచెను. “మేష్టారండీ, మావాడి దగ్గరున్న మూత మీరు కొనుక్కొచ్చి నాకివ్వండి. నేనడిగానని మాత్రం చెప్పకండి.” సాయంకాలము తమ్ముడును, “అన్నయ్య గిన్నె ఎంతకైనా సరే తెచ్చిపెట్టండి. నా పేరెత్తకండేం” అనెను. రెండును నేనే కొని నా బీరువాలో బదియవదిగా నుంచుకొనవచ్చునన్న యాశ కలుగకపోలేదు. ఎవరికిని మాట మాత్రము ఈయలేదు.

ఆ రాత్రియే యన్న యింటికి మరల బోయి, తమ్ముడడిగిన దంతయు జెప్పితిని. అతడు చాలసేపు మాటాడలేదు. పిదప గిన్నెలోని వక్కలను పళ్లెములో బోసి, పైపంచెతో దానిని తుడుచుచు, “వాడింకా మేలుకునే ఉన్నాడాండీ?” అని యడిగెను.