రాజ్యలక్ష్మి, టీచరు

తెలుగులో ఇంటిపేరు అంటే ఇంటికి ఉండే పేరు కాదు, మనుషులకి తగిలించే పేరు. మగవాళ్ళకి అది పుట్టినప్పటి నుంచీ పోయేదాకా ఒక్కటే. ఆడవాళ్ళకి పెళ్ళితో మారిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఒక ఇంటిపేరు, ఓటరు కార్డులో ఇంకొకటి ఉండి, ఆ ఇద్దరూ ఒక్క మనిషేనని అఫిడవిట్లు రాయించుకున్న వాళ్ళు మనలో ఎంతమందో! మరి ఇంటి గుమ్మం మీద ఉండే పేరు? అది ఎవరిదో ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం ఉందని కూడా అనుకోరు.

మా అమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. 1984లో పి.ఎఫ్. లోను పెట్టి, నాలుగు గాజులు అమ్మి తెనాలిలో ఇల్లు కట్టింది. రిజిస్ట్రేషన్ ఆమె పేరునే. గేటు మీద పాలరాతి పలక మాత్రం నాన్నది. పేరు, పక్కన బి.ఎ., బి.ఎల్. ఇందులో నాన్న దౌర్జన్యం ఏమీ లేదు. పలక చెక్కేవాడు అడిగితే అమ్మే ఆ పేరు రాసిచ్చింది. అలా రాసివ్వడం అంత సహజంగా ఉండటమే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయిన గృహిణి మనందరికీ తెలుసు. మా అమ్మ తన పేరు మరచిపోలేదు. ముప్ఫై ఏళ్ళు హాజరు పట్టీలో రోజూ సంతకం పెట్టింది. ఆమె కట్టిన ఇంటికే ఆ పేరు తెలియదు.

నాన్న పోయాక, 2018లో ఆ ఇంటిని అపార్ట్‌మెంటుకి ఇచ్చాం. అమ్మ వాటాకి ఒక ఫ్లాటు వచ్చింది. తలుపు మీద ఖాళీ. తమ్ముడు తన పేరుతో ఇత్తడి ప్లేటు చేయిస్తానన్నాడు. "నువ్వుండేది పుణేలో కదరా" అన్నాను. "అయితే ఏం? ఇంటికో పేరుండాలి కదక్కా" అన్నాడు. నేను చేస్తానని చెప్పాను.

పాత ఇంటి కిటికీ రెక్కలు రెండు దాచాను. మంచి టేకు. అందులోంచి పద్నాలుగు అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు ముక్క కోయించాను. పక్క వీధిలో కప్‌బోర్డులు చేస్తున్న వడ్రంగి చిత్రిక పట్టి ఇచ్చాడు, ఉలి పట్టుకోవడం చూపించాడు. అతని భార్య పక్కనే కూర్చుని తలుపులన్నిటికీ శాండ్ పేపర్ పడుతోంది. పని సగం ఆమెదే. వడ్రంగి అన్న పేరు మాత్రం అతనిదే. కొండపల్లి బొమ్మలకి రంగులద్దే ఆడవాళ్ళు గుర్తొచ్చారు.

తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు అడ్డగీతలు గీస్తే ఆకు చిరుగుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రమయ్యాయని అంటారు. కొయ్య దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. కొయ్యకి ఒక వాటం ఉంటుంది. దానికి ఎదురు వెళితే ఉలి పట్టేసుకుని పెచ్చు లేస్తుంది. గుండ్రం చెక్కుతుంటే ప్రతి మలుపులోనూ వాటం మారుతుంది. ఒక్క సున్నాని నాలుగు భాగాలనుకుని, ఒక్కో భాగానికీ ఉలి దిశ మార్చుకోవాలి. రా, జ్య, ల ఎలాగో వచ్చాయి. 'క్ష్మి' మాత్రం మూడు రోజులు పట్టింది. ష వత్తు కింద మ వత్తుకి చోటు మిగల్చాలి, రెండింటి మధ్య సన్నటి గోడ విరగకూడదు.

కార్బన్ కాగితం పెట్టి అక్షరాలు దించుకునే ముందే, ఇంటిపేరు ఏది పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. పుట్టింటిదా, అత్తింటిదా? పుట్టింటిదంటే తాతయ్యది, అత్తింటిదంటే నాన్నది. ఆమెదంటూ ఒకటి లేదు. "రెండూ వద్దులే, చెక్క కూడా చాలదు" అంది అమ్మ.

ఇంతలో పిన్ని ఫోన్ చేసింది. "ఒంటరి ఆడదాని పేరు తలుపు మీద పెడితే మగదిక్కు లేదని ఊరందరికీ చెప్పినట్టే కదే అక్కా!" ఈ మాటని కొట్టిపారేయలేను. ఒంటరిగా ఉండే నా స్నేహితురాళ్ళలో ఒకామె గుమ్మం ముందు మగవాళ్ళ చెప్పులు పెడుతుంది. పేరు దాచుకోవడం కూడా మనకి ఒక తాళంకప్పే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇళ్ళ స్థలాల పట్టాలు ఆడవాళ్ళ పేర్లతో పంచింది. పట్టా బీరువాలో భద్రంగా ఉంటుంది. గుమ్మం మీదికి రావాలంటే చట్టంతో పాటు ధైర్యం కూడా కావాలి. ఆ ధైర్యం ఆడవాళ్ళే తెచ్చుకోవాలనడం న్యాయమేనా?

అమ్మ కాసేపు ఆలోచించి పిన్నితో అంది: "ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళో మగపిల్లలందరి చెవులూ మెలేశానే. నా పేరు చూస్తే వాళ్ళే భయపడతారు."

అది నవ్వుకోవడానికి అన్నది. తర్వాత నా వైపు తిరిగి కొంచెం మొహమాటంగా అడిగింది, "పక్కన టీచరు అని పెట్టగలవా? మీ నాన్నకి బి.ఎ., బి.ఎల్. ఉండేది కదా."

అంతకాలం ఆమె ఆ గేటు తీసేటప్పుడల్లా ఆ డిగ్రీలని చదువుతూనే ఉందన్నమాట!

కింద రెండంగుళాల జాగా ఉంది. చిన్న అక్షరాలతో చెక్కాను. 120 నంబరుతో, తర్వాత 220తో రుద్ది, అవిసె నూనె రెండు పూతలు పట్టించాను. నూనె తగలగానే టేకు చారలు నల్లగా తేలాయి. రెండు మరలతో తలుపుకి బిగించాం. పాలబ్బాయి చదివి, "టీచరుగారంటే మీరేనా? మా నాన్న చెబుతుంటాడు" అన్నాడు.

కింద లిఫ్టు పక్కన ఫ్లాట్ల యజమానుల జాబితా వేలాడుతోంది. పన్నెండు పేర్లూ మగవాళ్ళవే. నాకు తెలిసి అందులో నాలుగు ఫ్లాట్లు ఆడవాళ్ళ పేరున రిజిస్టరయ్యాయి. అమ్మ ఫ్లాటు ఎదురుగా తమ్ముడి పేరుంది. వచ్చే నెల అసోసియేషన్ మీటింగుకి అమ్మ తనే వెళతానంటోంది. మిగిలిన ముగ్గురితోనూ మాట్లాడుతోంది. ఒకామె ఒప్పుకుంది.