మూడు బీరువాలు, ఒక పర్వం

శాఖా గ్రంథాలయంలో నాది పాతికేళ్ల సర్వీసు. కొత్త పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టరులో ఎక్కించి, డ్యూయీ నంబరు వేసి, వీపున చీటీ అంటించి బీరువాలో పెడతాను. ఆ పద్ధతిలో యుద్ధవిద్యది 355, చావు ఆచారాలది 393, ముసలితనానిది 305.26. మా దగ్గర మూడూ మూడు బీరువాల్లో ఉంటాయి.

రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దాయన ఒకరు, భార్య పోయిన కొన్ని నెలలకు నా బల్ల దగ్గరికొచ్చారు. "అమ్మాయ్, పాతకాలం యుద్ధాల పుస్తకం కావాలి. పోయినవాళ్లకి ఏం చేసేవాళ్లో ఉండాలి. మిగిలిన ముసలాళ్లు ఎలా బతికారో కూడా ఉండాలి" అన్నారు. నంబర్లు చూసి మూడు పుస్తకాలు తీసిచ్చాను. మర్నాడే తిరిగి తెచ్చేశారు.

అప్పుడు తట్టింది, 294.5923. వచన భారతం. పేపరు మాటెలా ఉన్నా, ఎక్కువసేపు చదివితే ఆయన చూపు ఆనదు. అందుకని సాయంత్రం నాలుగింటికి తలుపులు తీయగానే, పిల్లలు వచ్చేలోపు, నేనే చదివి వినిపించేదాన్ని.

యుద్ధపర్వాలు ఇష్టపడతారనుకున్నాను. "అవి తెలుసులే, ముందుకెళ్లు" అన్నారు. స్త్రీపర్వంలో గాంధారి రణభూమిలో కొడుకుల శవాలను చూసే చోట కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. గంగ ఒడ్డున తర్పణాల వేళ, కర్ణుడు తన పెద్దకొడుకని కుంతి బయటపెడుతుంది. కర్ణుడు బతికుండగా పాండవుల ముందు నోరు దాటని మాట నీళ్లు వదిలేటప్పుడు దాటింది. నాకు భారతంలో అంతకన్నా బరువైన ఘట్టం లేదు.

ఆశ్రమవాసపర్వానికి వచ్చాం. యుద్ధమై పదిహేనేళ్లు. ధృతరాష్ట్రుడు పాండవుల ఇంట్లోనే ఉంటున్నాడు. అడవికి వెళ్లే ముందు భీష్ముడికీ, కొడుకులకీ శ్రాద్ధం పెట్టడానికి ధనం కావాలని విదురుడితో కబురు పెట్టాడు. భీముడు కుదరదన్నాడు.

"ఇవ్వనన్నాడా?" పెద్దాయన గొంతు మారింది.

భీముడి కోపంలో న్యాయం ఉంది, ద్రౌపది అవమానాన్ని అతను మరవలేదు. అయినా పోయిన కొడుకులకు పిండం పెట్టుకోవడానికి ఇంకొకరిని చేయిచాచి అడగడం ఏ తండ్రికీ రాకూడదు. ధర్మరాజు తన సొంత ధనంలోంచి ఇస్తానన్నాడు.

"ఆ ముక్క మళ్లీ చదువమ్మా."

మళ్లీ చదివాను. ఆయన వెళ్లాక రెండు కేటలాగు కార్డులు తీసి, 393 దగ్గర ఒకటీ 305.26 దగ్గర ఒకటీ పెట్టాను. రెండిటి మీదా ఒకటే రాశాను: ఇది కూడా చూడండి, ఆశ్రమవాసపర్వం, 294.5923.