నగరంలో నిధి వేట

నిధి అనగానే మన విద్యార్థుల మనస్సులలో మెదిలేవి రాగి బిందెలు, అమావాస్య రాత్రులు, అంజనం వేసే మాంత్రికులు. పాడుబడిన కోటలలోనూ, గుళ్లలోనూ, పాత సమాధుల చెంతనూ గునపాలతో పట్టుబడిన వారి వార్తలు పత్రికలలో నేటికీ చదువుతూనే ఉన్నాము. ఆ వేటతో మాకు పని లేదు. మేము చెప్పబోయేది పట్టపగలు, నడి బజారులో, చేతిలో భూతద్దం తప్ప మరే ఆయుధమూ లేకుండా సాగే వేట. పాత నాణేల వేట. ఒక పూట తీరిక, బస్సు చార్జీ, కొంత ఓపిక, పెట్టుబడి ఇంతే.

ఈ వేటలో మాకు తొలి నిధి మా ఇంటిలోనే లభించినది. దానిని పాడు చేసినదీ మేమే. ఆ సంగతి ముందు చెప్పుకోవడం న్యాయం.

వరంగల్లు ప్రాంతంలోని మా పల్లెలో దాదీమా ఒక వెండి రూపాయిని పాత గుడ్డలో చుట్టి సందూకు అడుగున దాచుకునేది. నిఖా నాడు అత్తగారు చేతిలో పెట్టినదట. ఇంటర్మీడియట్ చదువుకు మేము పట్నం బయలుదేరే ముందురోజు దానిని మాకు ఇచ్చింది. నల్లగా, మసి పట్టినట్లున్న ఆ రూపాయిని చూచి మాకు జాలి కలిగినది కాబోలు! చింతపండు గుజ్జు, మెత్తని ఇటుక పొడి తీసుకొని ఆ సాయంత్రమంతా తోమాము. అద్దం వలె మెరిసింది. దాదీమా మాత్రం దానిని ఒకసారి బొటనవేలితో తడిమి, "చిక్‌నా హోగయా, బేటా" అన్నది. నునుపై పోయిందని. అది మెచ్చుకోలు అనుకున్నాము.

ఇంటిలో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగు చదివి, తెలుగులోనే ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న వారము మేము. ఖురాన్ పారాయణకు నేర్చిన అక్షరాలు నాణెం మీది గొలుసుకట్టు రాతకు చాలలేదు. ఉద్యోగంలో చేరిన తరువాత ఒకనాడు అధ్యాపకుల గదిలో ఉర్దూ శాఖ మిత్రులొకరు ఆ రూపాయిని భూతద్దం కింద చదివి వినిపించారు. ఆసఫ్‌జా, నిజాముల్ముల్క్ బహాదూర్ అని బిరుదులు. పైన 92 అంకె. అబ్జద్ లెక్క ప్రకారం మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4, వెరసి ముహమ్మద్ నామానికి అది విలువ. నడుమ చార్మినార్ బొమ్మ, దాని ద్వారంలో ఒక చిన్న అక్షరం. ఐన్ ఉంటే ఉస్మాన్ అలీఖాన్ కాలపు నాణెమనీ, మీమ్ ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ కాలపుదనీ గుర్తు. మాది ఐన్. ఇక మిగిలినది హిజ్రీ సంవత్సరం. 133 వరకు చదివి మిత్రులు ఆగిపోయారు. చివరి అంకె లేదు. రెండవ వైపు పరిపాలనా సంవత్సరం ఉంటుంది, దానితో లెక్క కట్టవచ్చునని నాణెం తిప్పారు. ఇటుక పొడితో మేము మొదట రుద్దినది ఆ వైపే. 1911 చివర నుంచి 1921 వరకు ఏ ఏడాదిదైనా కావచ్చునన్నారు.

దాదీమా అప్పటికి లేదు. ఆమె చేతి రూపాయిని మరొకరు చదివితే తప్ప తెలియని స్థితి ఒకటి, చదివినా తెలియకుండా చేసిన ఘనత మరొకటి! ఆ రాత్రే ఉర్దూ వాచకం ఒకటి తెచ్చుకొని కూర్చున్నాము.

అటుపిమ్మట జుమ్మేరాత్ బజారుకు, చార్మినార్ పరిసరాల కాలిబాటల మీది నాణేల దుకాణాలకు తిరగడం మొదలైనది. అక్కడ నేర్చిన పాఠాలలో మొదటిది మాకు ముందే తెలిసినది: నాణెం తోమరాదు. అంచులు పట్టుకొనవలె, ముఖం ముట్టుకొనరాదు. చిన్న త్రాసు ఒకటి దగ్గర ఉంచుకొనడం మేలు. ఆ కాలపు వెండి రూపాయి సుమారు 11 గ్రాములు తూగుతుంది. అయస్కాంతానికి అంటుకున్న వెండి రూపాయి వెండిది కాదు. అచ్చులో పోతపోసిన నకిలీలకు ముఖం మీద సన్నని గుంటలు, అంచున అతుకు గీత కనబడుతాయి. మేము రెండుసార్లు మోసపోయాము, ధర చెప్పము.

డబ్బు లేని విద్యార్థి నిరాశ పడనక్కరలేదు. తన జేబులోని చిల్లర తీసి, ముద్రించిన సంవత్సరం కింద చూడవలె. నక్షత్రం ఉంటే అది మన హైదరాబాదు టంకశాలది. వజ్రం ఆకారం ముంబాయిది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేనిది కలకత్తాది. మన టంకశాల 1803లో సుల్తాన్ షాహీలో పుట్టి, 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి తరలినది. సైఫాబాదు పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు.

తవ్వకాల జోలికి మాత్రం పోవద్దు. పునాది తీస్తుండగా దైవికంగా ఏదైనా బయటపడి, దాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలుపవలెనని 1878 నాటి చట్టం. ఆ పది రూపాయలు ఏనాటివో గమనించండి!

మొన్నటి చలికాలంలో మా కళాశాల విద్యార్థులు ఇద్దరు, ఒకరు ఉర్దూ మాధ్యమం, ఒకరు తెలుగు మాధ్యమం, జతగా వేటకు వెళ్లి మీమ్ అక్షరమున్న నాణెం ఒకటి తెచ్చారు. ఒకరు చదువగా, ఇంకొకరు ఎక్కడ కొన్నదీ, ఎంతకు కొన్నదీ, ఎంత తూగినదీ నోటు పుస్తకంలో వ్రాశారు. "సార్, మీ రూపాయి చూపించండి" అని అడిగారు. గది కిటికీలు మూసి, టార్చి దీపం వాలుగా పట్టి చూచారు. చివరి అంకె స్థానంలో నిలువు గీత ఒకటి లీలగా తేలింది. దాని తలపై ఉన్న పళ్లు ఒకటా, రెండా? ఒకటైతే 1332, రెండైతే 1333. ఉర్దూ విద్యార్థి ఒకటే అన్నాడు. తెలుగు విద్యార్థి రెండని పట్టుపట్టాడు. గంట మ్రోగినా తేలలేదు. నోటు పుస్తకంలో రెండూ వ్రాసుకొని వెళ్లారు. రూపాయిని మేము మళ్లీ గుడ్డలో చుట్టి ఉంచాము. అంచుల వద్ద నెమ్మదిగా నలుపెక్కుతున్నది.