పసుపు భుజాల నల్లపిట్ట

కరేబియన్ సముద్రంలో అమెరికా ఏలుబడిలో ఉన్న దీవి పోర్టోరికో. రాజధాని సాన్ హువాన్ చూసి వెనుదిరిగేవారే ఎక్కువ. ఓపిక ఉన్నవారు కారులో నైరుతి మూలకు వెళితే లా పార్గేరా అనే చిన్న రేవు ఊరు వస్తుంది. అక్కడ వానలు తక్కువ. తీరం వెంట మడ అడవులు, వాటికి ఎదురుగా చిన్న చిన్న లంకలు. కోరంగి మడ అడవులు చూసిన మన యానాం వారికి ఆ తీరం కొత్తగా తోచదు. రాత్రివేళ నీటిలో వెలుగు మెరిసే అఖాతం కోసం యాత్రికులు ఈ ఊరు వస్తారు. పగటిపూట చూడదగినది మాత్రం ఒక నల్లపిట్ట.

ఇది మన గోరింక కంటే కాస్త చిన్నది. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, రెక్క మొదట్లో పసుపు పట్టీ. అక్కడివారు దీనిని ‘మరికీతా’ అనీ ‘కాపితాన్’ అనీ అంటారు. భుజాన హోదా పట్టీ ఉన్న పిట్టకు కెప్టెన్ అనే పేరు బాగానే అమరింది. ఆడ, మగ ఒకేలా ఉంటాయి. ఆడపిట్ట కొంచెం చిన్నది.

అదే ఊళ్లో నల్లపిట్టలు మరికొన్ని ఉన్నాయి. తోక పొడుగ్గా, పడవ అడుగులా మడతపడి, కన్ను పసుపుగా ఉంటే అది గ్రాకిల్. భుజంతో పాటు నడుము మీద, తోక కింద కూడా పసుపు ఉంటే ఓరియోల్. భుజాన పట్టీ లేకుండా ఊదారంగు మెరుపుతో ఉంటే మగ కౌబర్డ్. అయితే వాలి ఉన్నప్పుడు మరికీతా పసుపు పట్టీ ఈకల చాటున దాగిపోవచ్చు. ఎగిరేదాకా ఆగాలి.

ఈ గుర్తింపు వేడుక కోసం కాదు. కౌబర్డ్ తాను గూడు కట్టదు, ఇతరుల గూళ్ళలో గుడ్లు పెడుతుంది. మన కోకిల కాకి గూటిలో పెట్టినట్లే. కాకులకు దానివల్ల లోటు రాలేదు. కానీ దక్షిణ అమెరికా నుంచి దీవులు దాటుకుంటూ కౌబర్డ్ పోర్టోరికో చేరింది 1950లలోనే. ఈ కొత్త అతిథి మోసం మరికీతాకు అలవాటు లేదు. తన పిల్లలను పస్తుపెట్టి పరాయి పిల్లను పెంచింది. మడ అడవులు కూడా తగ్గాయి. 1976లో దీనిని అంతరించిపోయే ప్రమాదమున్న పక్షుల జాబితాలో చేర్చారు.

1980ల నుంచి అక్కడి సిబ్బంది గూటి పెట్టెలు అమర్చి, కౌబర్డ్ గుడ్లు తీసివేసి, కౌబర్డులను బోనుల్లో పట్టి మరికీతాను నిలబెడుతున్నారు. బోనులో పడిన నల్లపిట్ట ఏదో సరిగా పోల్చి, పసుపు పట్టీ ఉన్నదానిని వదిలిపెట్టాలి. అక్కడ పిట్టను గుర్తుపట్టడమంటే ప్రాణం నిలపడమే.