పాత డీజిల్ కారు కొనే ముందు: అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాల్సినవి



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో పిల్లల మార్కుల సంగతి అయిపోయాక నలుగురు తల్లిదండ్రులు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. “మేడమ్, మీరు పాత డీజిల్ కారు కొన్నారట కదా, ఏమేం చూసి కొన్నారు?” లైన్‌లో వెనక ఇంకా చాలామంది ఉండటంతో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల నాకిచ్చిన పేజీని ఆ జవాబుకే వాడుకుంటున్నాను.

నేను మ్యాథ్స్ టీచర్‌ని, మెకానిక్‌ని కాదు. అయితే మా పెదనాన్నగారి అబ్బాయికి డీజిల్ బళ్ల షెడ్డు ఉంది. రెండు నెలల పాటు ఆదివారాలు అన్నయ్యతో కలిసి తిరిగి ఏడు బళ్లు చూసి వదిలేశాను, ఎనిమిదోది కొన్నాను. ఆ ఏడింటి దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ లెక్క వేసుకోండి

అమ్మేవాళ్లను అందరూ అడిగే మొదటి ప్రశ్న “బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?” అంతకంటే ముందు మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నేను నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాను?

తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేయగలిగే లెక్క ఇది. లీటరు పెట్రోలు 107 రూపాయలు, డీజిల్ 95 రూపాయలు అనుకుందాం. ఊళ్లో తిరిగే పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్‌ది 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. అప్పుడు పెట్రోలుకు కిలోమీటరుకు 7 రూపాయల 13 పైసలు, డీజిల్‌కు 4 రూపాయల 75 పైసలు పడుతుంది. తేడా సుమారు 2 రూపాయల 40 పైసలు. డీజిల్ బండి ధరలో, రిపేర్లలో కలిపి 60 వేలు ఎక్కువవుతుందనుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి 25 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగేవారికి అది ఏడాదిన్నర లోపే వచ్చేస్తుంది. నెలకు 500 తిరిగేవారికి నాలుగేళ్లు దాటుతుంది.

నేను సంగారెడ్డి వైపు నుంచి రోజూ రానూ పోనూ 80 కిలోమీటర్లు తిరుగుతాను కాబట్టి నాకు లెక్క సరిపోయింది. ఇంటి నుంచి స్కూలు మూడు కిలోమీటర్లే అయి, బండి అంతకు మించి తిరగదంటే డీజిల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద కొంతసేపు ఆగకుండా పరుగెత్తాలి. రోజూ మూడేసి కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది.

ఏ బళ్లు దొరుకుతున్నాయి?

మారుతి సంస్థ 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేసింది. ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీకే స్వస్తి పలికింది. పోలో కూడా ఇప్పుడు ఇక్కడ తయారు కావడం లేదు. కాబట్టి మనకు దొరికే స్విఫ్ట్, ఫిగో, పోలో డీజిల్ బళ్లన్నీ కొన్నేళ్ల వయసున్న పాతవే. స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్న 1.3 లీటర్ల ఫియట్ ఇంజనే రిట్జ్, ఇండికా విస్టా, పుంటో బళ్లలోనూ ఉంది. అందుకే ఆ ఇంజన్ తెలిసిన మెకానిక్ ప్రతి ఊళ్లో ఉంటాడు, సామాను దొరుకుతుంది. ఏ మోడల్ కొన్నా ఈ రెండూ మీ ఊళ్లో ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి.

ఇంకో సంగతి. స్విఫ్ట్ ఇంజన్‌కు టైమింగ్ చైన్ ఉంటుంది. ఫిగో, పోలో డీజిల్ బళ్లకు టైమింగ్ బెల్ట్ ఉంటుంది. బెల్ట్‌ను కంపెనీ చెప్పిన గడువులో మార్చాలి. నడుస్తుండగా తెగితే వాల్వులు, పిస్టన్లు దెబ్బతిని ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. “బెల్ట్ మార్చాం” అని నోటితో చెబితే సరిపోదు, బిల్లు చూపించమనండి.

మీటర్ కంటే పెడల్ నిజం చెబుతుంది

రోజూ ఎక్కువ తిరిగేవారే డీజిల్ బండి కొంటారు. కాబట్టి పదేళ్ల డీజిల్ బండి మీటర్‌లో 45 వేలు మాత్రమే కనిపిస్తే సంతోషపడకండి, అనుమానించండి. మీటర్ వెనక్కి తిప్పడం కష్టమేమీ కాదు. బ్రేక్, క్లచ్ పెడళ్ల రబ్బరు అరిగి నున్నగా అయిందా, స్టీరింగ్ మెరుస్తోందా, డ్రైవర్ సీటు అంచు కుంగిందా అని చూడండి. తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ఓనర్ సమక్షంలోనే బండి నంబరు చెప్పి పాత సర్వీసుల వివరాలు అడగండి. ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో అక్కడ తెలిసిపోతుంది.

సరిగ్గా సర్వీస్ చేయించిన లక్షన్నర కిలోమీటర్ల బండి, లెక్కాపత్రం లేని 60 వేల బండి కంటే మేలు. నేను కొన్నది 1,18,000 తిరిగిన బండే. కాకపోతే ప్రతి సర్వీసుకూ కాగితం ఉంది.

చల్లటి ఇంజనే చూడాలి

“మేమొచ్చే దాకా స్టార్ట్ చేయకండి” అని ముందురోజే ఫోన్‌లో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. నేను చూసిన మూడో బండికి పొద్దున ఏడింటికే బానెట్ వెచ్చగా ఉంది. “ఇప్పుడే కడిగి పక్కకు పెట్టాం మేడమ్” అన్నారు. అన్నయ్య నవ్వి, “సరే, సాయంత్రం మళ్ల వస్తం, అప్పటిదాక ముట్టకుండ్రి” అన్నాడు. సాయంత్రం వస్తున్నామని ఫోన్ చేస్తే ఎత్తలేదు.

చల్లటి ఇంజన్ ఒకటి రెండు సెల్ఫ్‌లకే అందుకోవాలి. తర్వాత పొగ రంగు చూడండి. నీలి పొగ ఆగకుండా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా నల్ల పొగ దట్టంగా వస్తే ఇంజెక్టర్లనో, టర్బోనో, గాలి వెళ్లే దారినో అనుమానించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతుండవచ్చు.

ఇంజన్ నడుస్తుండగా పైన ఆయిల్ పోసే మూత విప్పి చూడమని మెకానిక్‌కు చెప్పండి. అక్కడి నుంచి పొగ గట్టిగా తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నల్లగా ఉంటుంది, దానికి కంగారు పడకండి. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజులకే నల్లబడుతుంది. కూలెంట్ డబ్బాలో జిడ్డు తేలుతుంటే మాత్రం ఆ బండి వద్దు.

నడిపేటప్పుడు మూడో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి ఎక్సలేటర్ తొక్కండి. టర్బో అందుకోగానే బండి ముందుకు లాగాలి. ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. డీజిల్ బండిలో ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్ ఈ మూడూ ఖరీదైనవి. వీటిలో ఒక్కటి పోయినా, బేరంలో తగ్గించుకున్నదంతా షెడ్డులో పెట్టాల్సి వస్తుంది.

నీళ్లలో మునిగిన బండి

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరదకు ఎన్ని కార్లు మునిగాయో మనమంతా చూశాం. వాటిలో బాగుచేసినవి మళ్లీ అమ్మకానికి వస్తాయి. పైకి తళతళ మెరుస్తూ ఉంటాయి.

ఐదో బండి దగ్గర అన్నయ్య నాతో, “చెల్లె, బెల్ట్ మొత్తం గుంజి సూడు” అన్నాడు. సీటు బెల్ట్ చివరిదాకా లాగితే, మామూలుగా లోపలే చుట్టుకుని ఉండే భాగంలో బురద గీత ఒకటి కనిపించింది. సీటు కవర్లు కొత్తవి, కార్పెట్ కొత్తది, సెంటు వాసన. బెల్ట్ మార్చాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. సీట్ల కింద పట్టాలకు తుప్పు, స్టెపినీ గుంటలో మట్టి, ఫ్యూజ్ బాక్సులో సన్నటి బురద, హెడ్‌లైట్లలో చెమ్మ కూడా ఇవే చెబుతాయి. ఇలాంటి బండి ఇవాళ బాగానే నడవొచ్చు. వైర్లలో చేరిన తుప్పు ఎప్పుడు, ఎక్కడ ఆపేస్తుందో ఎవరూ చెప్పలేరు.

మన పిల్లలు కూర్చునే చోటు

నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది ఇదే. మనలో చాలామంది మైలేజీ, ఏసీ, మ్యూజిక్ సిస్టమ్ చూస్తారు. భద్రత సంగతి అడిగేవారు తక్కువ.

గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ 2014లో మన దేశపు కార్లను గోడకు గుద్దించి పరీక్షించింది. ఎయిర్‌బ్యాగ్‌లు లేని ఫిగో, పోలో, స్విఫ్ట్ బళ్లకు పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. అదే పోలోకు ముందు రెండు ఎయిర్‌బ్యాగ్‌లు పెట్టి పరీక్షిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. పేరు ఒకటే అయినా వేరియంట్ మారితే ఇంత తేడా ఉంటుంది. ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు బళ్లలో తక్కువ ధర వేరియంట్లకు ఇవి చాలావాటిలో లేవు. 2018లో వచ్చిన కొత్త మోడల్ స్విఫ్ట్‌లో మాత్రం రెండు ఎయిర్‌బ్యాగ్‌లు, ఏబీఎస్, చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు అన్ని వేరియంట్లలోనూ ఉన్నాయి. 30, 40 వేలు ఎక్కువైనా ఇవి ఉన్న బండే తీసుకోండి.

ఉన్నాయని చెప్పినా పరీక్షించండి. తాళం తిప్పగానే మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగాలి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా ప్రమాదం. యాక్సిడెంట్‌లో ఎయిర్‌బ్యాగ్ పేలిపోయాక కొత్తది పెట్టకుండా, లైటు తీగ తీసేసి ఉండవచ్చు. నేను చూసిన ఆరో బండి అలాంటిదే. ధర నచ్చింది, రంగు నచ్చింది, లైటు మాత్రం వెలగలేదు. మా అక్క కూతురు ప్రతి శనివారం నాతో వస్తుంది. ఆ పాపను అందులో కూర్చోబెట్టాలని అనిపించలేదు.

బానెట్, ముందు మడ్‌గార్డ్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందా, తలుపుల రబ్బరు అంచుల్లో పెయింట్ మరకలున్నాయా, అద్దాలన్నీ ఒకే కంపెనీవా అని చూస్తే యాక్సిడెంట్ సంగతి చాలావరకు బయటపడుతుంది. వెనక సీటు బెల్టులు మూడూ లాగి పెట్టి చూడండి, చైల్డ్ లాక్ పనిచేస్తుందో లేదో చూడండి. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో, చైల్డ్ సీటో లేకపోతే చట్టప్రకారం వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతున్నా, ఆరేడేళ్లు దాటిన టైర్లు మార్చే ఖర్చును ధరలో తగ్గించమనండి.

కాగితాలు

ఆర్‌సీలో పేరు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే. 2014లో రిజిస్టరైన బండికి 2029 దాకా గడువు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేసుకోవాలి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీతో పాటు ఫారం 35 తీసుకోండి. ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకుని, 30 రోజుల్లోపు మీ పేరుకు మార్పించుకోండి. పెండింగ్ చలాన్లు ముందే కట్టించండి.

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లపై 2015లో ఆంక్షలు వచ్చాయి. అందుకే అక్కడి బళ్లు ఇక్కడికి తక్కువ ధరకు వస్తుంటాయి. అక్కడి ఆర్‌టీవో ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి లెక్క వేశాకే అది చవకో కాదో తేల్చుకోండి.

ఇన్సూరెన్స్‌ను కూడా 14 రోజుల్లోపు మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయండి. లేదంటే మీ బండి దెబ్బతిన్నప్పుడు క్లెయిమ్ ఇబ్బందుల్లో పడుతుంది. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవారిదే, బండితో పాటు మనకు రాదు.

చివరగా ఒక మాట. “ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది, ఐదు వేలు టోకెన్ ఇచ్చేయండి” అని ప్రతి చోటా అంటారు. ఇవ్వకండి. మెకానిక్‌కు వెయ్యో రెండు వేలో ఇచ్చి చూపించాకే డబ్బు తీయండి. టోకెన్ ఇచ్చాక లోపం కనబడినా, ఇచ్చిన డబ్బు పోతుందని మనసు సర్దుకుంటుంది. ఇవ్వకముందైతే నమస్కారం పెట్టి వచ్చేయొచ్చు. మీ వెంట పిల్లల్నీ తీసుకెళ్లండి. టైరు మీద అంకెలు చదవడం, కిలోమీటరుకు ఎంత పడుతుందో లెక్క కట్టడం వాళ్లకు అప్పజెప్పండి. రేపు వెనక సీట్లో కూర్చునేది వాళ్లే.