నొప్పిలేని గడ్డ

నొప్పి లేనిచో రోగము లేదని మనలో పలువురము తలఁతుము. మా తోడికోడలు యోనిద్వారము ప్రక్కను లేచిన గడ్డను సిగ్గుచే ఎనిమిది నెలలు దాఁచినది. తెలిసినంతనే మేము డాక్టరమ్మగారికడకు తీసికొనిపోతిమి. అది గ్రంథినాళము మూసికొని ద్రవము చేరిన తిత్తి యనియు, ఆ గ్రంథిని 1677లో వర్ణించిన బార్థోలిన్ పేరనే దానిని పిలుతురనియు, భయము లేదనియు వారు సెలవిచ్చిరి.

అయినను సోదరీమణులారా, నొప్పిలేనివన్నియు నిరపాయములు కావు. హెచ్.పి.వి. అను వైరసుచే పుట్టు పులిపిరులును, సవాయి పుండును నొప్పి లేకయే యుండును. ఆ పుండు 3 మొదలు 6 వారములలో తానే మానును. రోగము మాత్రము లోపలనే యుండును. 40 ఏండ్లు దాటినవారికి క్రొత్తగా గడ్డ లేచినచో పరీక్ష తప్పదు. కావున చిదుకక, దాఁపక, చూపింపుఁడు.

మా తోడికోడలిని గడ్డ బాధింపలేదు. ఆ ఎనిమిది నెలల దిగులే బాధించెను.