రాళ్ళ మీది రాతలు ఎవరివి?

సాంఘికశాస్త్రం చెప్పే మాకు ప్రయరీలు కొత్త కాదు. ఉత్తర అమెరికా నడుమ పరచుకున్న గడ్డిమైదానాలు, గోధుమ పంట, పశువుల పెంపకం అని పిల్లలచేత నోట్సు రాయిస్తాం. ఆ గడ్డి నేల గోధుమ చేను ఎట్లా అయిందో, అంతకు ముందు అక్కడ ఎవరు బతికారో ఆ నోట్సులో ఉండదు. అది మన పిల్లలకు చెప్పాలని మేము చదవడం మొదలుపెట్టాం. చదువుతూ పోతే అక్కడి దారుల పక్కన నిలబెట్టిన చారిత్రక ఫలకాల దగ్గర ఆగిపోయాం.

మొదటి ఇల్లు, మొదటి బడి, మొదటి చర్చి అంటూ రాసిన ఫలకాలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ‘మొదటి’ అన్న మాటే మాకు ముల్లులా గుచ్చుకుంది. లెక్క ఎవరి నుంచి మొదలైంది? బైసన్ మందల వెంట తరతరాలుగా బతికిన లకోటా, డకోటా, షయాన్ ప్రజలు ఆ లెక్కలోకి రాలేదు.

1862వ సంవత్సరాన్నే తీసుకుందాం. మే 20న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం చేశారు. ఆ దేశ పౌరులు గానీ, పౌరులు కాబోయేవారు గానీ 160 ఎకరాలు కోరుకోవచ్చు. అక్కడ ఇల్లు కట్టుకుని ఐదేళ్ళు సాగు చేస్తే పట్టా ఇస్తారు. ఈ చట్టం కింద మొత్తం సుమారు 27 కోట్ల ఎకరాలు పట్టా అయ్యాయి. యూరప్ నుంచి వచ్చిన పేదలు, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారు మట్టిపెళ్ళలతో ఇళ్ళు కట్టుకుని చలికీ కరువుకూ ఓర్చి పంట తీశారు. వారి కష్టాన్ని మేము తక్కువ చేయం. నాగలి పట్టిన చేతుల విలువ మనకు తెలుసు. కానీ వారికి ఇచ్చిన నేల ఎవరూ లేని నేల కాదు. అక్కడి ఆదివాసులందరికీ పౌరసత్వం వచ్చిందే 1924లో. అప్పటిదాకా వారిలో చాలామందికి తమ నేల మీద పట్టా అడిగే అర్హత కూడా లేదు.

అదే 1862లో మిన్నెసోటాలో డకోటాలు ఆకలితో ఉన్నారు. 1851 ఒప్పందాలతో రెండు కోట్ల ఎకరాలకు పైగా వదులుకున్నవారికి, అందుకు రావలసిన డబ్బు ఆ వేసవిలో సమయానికి చేరలేదు. ఆగస్టులో యుద్ధం రేగింది. వలస వచ్చినవారు వందల్లో చనిపోయారు. వారి పేర్లతో అక్కడ స్మారకాలు నిలిచాయి. సైనిక విచారణలో 303 మంది డకోటాలకు మరణశిక్ష వేశారు. కొందరి విచారణ ఐదు నిమిషాలు కూడా సాగలేదు. లింకన్ ఆ జాబితాను తగ్గించారు. డిసెంబరు 26న మాన్‌కాటో పట్టణంలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. పట్టాల చట్టం మీద సంతకం చేసిందీ, ఉరికి పేర్లు రాసిచ్చిందీ ఒకే చెయ్యి.

1912లో ఆ పట్టణంలో ఒక గ్రానైటు రాయి నిలబెట్టారు. ఎంతమందిని, ఏ రోజు ఉరితీశారో దాని మీద చెక్కారు. పేర్లు లేవు. ఎందుకు జరిగిందో లేదు. 1971లో ఆ రాయిని తీసేశారు. 150 ఏళ్ళు నిండిన 2012లో అక్కడి పార్కులో 38 మంది పేర్లతో కొత్త స్మారకం వచ్చింది. అంకెగా మిగిలినవారు మళ్ళీ మనుషులయ్యారు.

దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర 1890 డిసెంబరు 29న సైన్యం లకోటాలను కాల్చి చంపింది. ఆడవాళ్ళు, పిల్లలు కూడా పోయారు. 146 మందిని ఒకే గోతిలో పూడ్చారు. దారి పక్క బోర్డు మాత్రం చాలాకాలం దాన్ని ‘యుద్ధం’ అంది. తర్వాత ఆ మాట మీద ‘ఊచకోత’ అని రాసిన చెక్క బిగించారు. అయితే చనిపోయినవారి బంధువులు ఎవరి కోసమూ ఆగలేదు. 1903లోనే ఆ సమాధి దగ్గర తమ రాయి తామే నిలిపి, పేర్లు చెక్కించుకున్నారు.

ఈ సంగతులు చదువుతుంటే మాకు ఇంద్రవెల్లి గుర్తుకు రాకుండా ఉంటుందా? 1981 ఏప్రిల్ 20న భూమి కోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. మన పెద్దల లెక్క అంతకు ఎన్నో రెట్లు. వారి కోసం కట్టిన స్థూపాన్ని 1986లో పేల్చేశారు. అది మళ్ళీ లేచింది. రాయికి బలం లేకపోతే దాన్ని పేల్చవలసిన పని ఎవరికి ఉంటుంది?

అందుకే మా తరగతి పిల్లలకు నాలుగు ప్రశ్నలు నేర్పాం. ఈ రాయి ఎవరు పెట్టారు? ఎప్పుడు పెట్టారు? ఎవరి పేర్లున్నాయి? ఎవరివి లేవు? ముందు మా బడి శంకుస్థాపన రాయి దగ్గరికే తీసుకెళ్ళాం. నాయకుల పేర్లు, అధికారుల పేర్లు పిల్లలు గడగడ చదివేశారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె, “ఈ జాగ మా తాత ఇచ్చిండు కదా సార్, ఆయన పేరేది?” అనడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం పిల్లలు ఊరి పెద్దలను కూర్చోబెట్టి జాగ ఇచ్చినవారి పేర్లు, గోడలకు రాళ్ళు మోసినవారి పేర్లు అడిగి రాసుకున్నారు. ఆ పేర్లు ఇంకా రాయి మీదికి ఎక్కలేదు. నోటుపుస్తకంలో భద్రంగా ఉన్నాయి.

తోటి ఉపాధ్యాయులను, చదువుకుంటున్న తమ్ముళ్ళను, చెల్లెళ్ళను మేము కోరేది ఇంతే. మన గూడేల్లో భూమి పోయిన కథ, కొట్లాడిన కథ తెలిసిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. వచ్చే సెలవుల్లో వాళ్ళ దగ్గర కూర్చోండి. పేరు, ఊరు, చేను, సంవత్సరం అడిగి రాయండి. మన భాషలో చెప్పింది మన భాషలోనే రాయండి. రేపు రాయి పెట్టే రోజు వచ్చినప్పుడు, ఏం చెక్కాలో మనకు తెలిసి ఉండాలి.